కోచ్ రమ్మన్నాడు సరే, అడ్మిషన్స్ ఆఫీస్ ఏమంటోంది?

ప్రశ్న: అట్లాంటా దగ్గర ఫోర్సైత్ కౌంటీలో ఉంటాం. మా అబ్బాయి లెవెన్త్ గ్రేడ్. చిన్నప్పటి నుంచి సాకర్ ఆడేవాడు. నైన్త్‌లో స్కూల్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్ వాళ్లు కిక్కర్‌గా, అంటే బంతిని కాలితో తన్నేవాడిగా తీసుకున్నారు, ఇప్పుడు బాగా రాణిస్తున్నాడు. జీపీఏ 3.9. ఈ మార్చిలో నాలుగైదు కాలేజీల కోచ్‌ల నుంచి క్యాంపస్‌కు రమ్మని మెయిల్స్ వచ్చాయి. ఐదు కాలేజీలకు మించి విజిట్ చేయకూడదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏవి ఎంచుకోవాలి? ఫుట్‌బాల్ ద్వారా స్టాన్‌ఫర్డ్ లాంటి చోట కంప్యూటర్ సైన్స్ సీటు వస్తుందా? మాది ఇంకా హెచ్-1బీ, బాబు హెచ్-4 మీద ఉన్నాడు.
– ఒక తండ్రి, జార్జియా

జవాబు: ఐదు విజిట్ల లెక్క పాతది. కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, పై స్థాయి అయిన డివిజన్ 1 కాలేజీల విషయంలో దాన్ని 2023 జూలై 1 నుంచి ఎత్తేసింది. ఇప్పుడు మీ అబ్బాయి ఎన్ని కాలేజీలకైనా అఫీషియల్ విజిట్‌కు వెళ్లొచ్చు. కాకపోతే ఒక్కో కాలేజీకి ఒక్కసారే. హెడ్ కోచ్ మారితే మాత్రం అదే కాలేజీకి రెండోసారి వెళ్లే వీలుంది. కాబట్టి ఆ టెన్షన్ వదిలేయండి.

అసలు చూడాల్సింది, మీకొచ్చిన ఆ మెయిల్స్ దేనికి రమ్మంటున్నాయి అన్నది. అఫీషియల్ విజిట్ అంటే కాలేజీ ఖర్చుతో వెళ్లడం. అబ్బాయికీ, ఇంట్లో ఇద్దరికీ ప్రయాణ ఖర్చులు, బస, భోజనం వాళ్లే చూసుకుంటారు. ఫుట్‌బాల్‌లో ఇవి లెవెన్త్ గ్రేడ్ ఏప్రిల్ 1 నుంచి గానీ మొదలు కావు. అన్‌అఫీషియల్ విజిట్ మన ఖర్చుతో. దానికి లెక్కలేదు, డెడ్ పీరియడ్ (కోచ్‌లు పిల్లల్ని ముఖాముఖి కలవకూడని రోజులు) కాని రోజుల్లో ఎన్నిసార్లయినా వెళ్లి కోచ్‌ను కలవొచ్చు. వాళ్లు మహా అయితే హోమ్ గేమ్‌కు మూడు ఫ్రీ టికెట్లు ఇస్తారు. మార్చిలో వచ్చే మెయిల్స్‌లో చాలావరకు ఈ రెండో రకమే. ‘జూనియర్ డే’ (లెవెన్త్ గ్రేడ్ పిల్లల్ని క్యాంపస్‌కు పిలిచే రోజు) అనో, సమ్మర్ క్యాంప్ అనో ఉంటుంది. ఒకే మెయిల్ వందల మందికి వెళ్తుంది. క్యాంప్ అయితే కింద ఫీజు కట్టే లింక్ కూడా ఉంటుంది.

తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. నిజంగా అఫీషియల్ విజిట్‌కు పిలిచేవాళ్లు ముందు కాగితాలు అడుగుతారు. హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) పంపమంటారు, ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ ఐడీ నంబర్ అడుగుతారు, టికెట్లు బుక్ చేయడానికి అమ్మానాన్నల పేర్లు ఐడీలో ఉన్నట్టే రాసి పంపమంటారు. ట్రాన్‌స్క్రిప్ట్ అందకుండా, ఐడీ లేకుండా డివిజన్ 1 కాలేజీ అఫీషియల్ విజిట్ ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు. ఇవేవీ అడగకుండా ‘నీ ఆట మాకు చాలా నచ్చింది, వచ్చేయ్’ అన్న మెయిల్‌ను చూసి బంధువులందరికీ కబురు చేస్తే అది ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. వెళ్లొద్దని నేను అనను. క్యాంపస్ చూడటానికి, కోచ్ ముందు ముఖం చూపించడానికి జూనియర్ డే మంచిదే. డ్రైవ్ చేసి వెళ్లగలిగినవి చూడండి. విమానం టికెట్లు పెట్టి దూరం వెళ్లేముందు మాత్రం ఆగండి.

ఇక అడ్మిషన్ సంగతి. మన దగ్గర స్పోర్ట్స్ కోటా అంటే సర్టిఫికెట్ చూపిస్తే ర్యాంకు సడలింపు అన్న అభిప్రాయం ఉంది కదా. అమెరికాలో అలాంటి రిజర్వేషన్ లేదు. చదువులో గట్టి యూనివర్సిటీల్లో కోచ్ తనకు కావాల్సిన ఆటగాళ్ల పేర్లు అడ్మిషన్స్ ఆఫీస్‌కు ఇస్తాడు, నిర్ణయం వాళ్లది. ఎంత గట్టిగా చెప్పినా ఎంఐటీలో కోచ్ మాట ఒక సిఫార్సు మాత్రమే. హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది యూనివర్సిటీలున్న ఐవీ లీగ్‌లో అథ్లెటిక్ స్కాలర్‌షిప్పే లేదు. ఆటగాళ్ల మార్కుల్ని, టెస్ట్ స్కోర్లని కలిపి ‘అకడమిక్ ఇండెక్స్’ అని ఒక అంకె కడతారు. టీమ్ మొత్తం ఆ అంకె కిందికి జారకుండా కోచ్ చూసుకోవాలి. మీ అబ్బాయి లాంటి 3.9 వాడికి ఇక్కడ నిజంగా గిరాకీ ఉంటుంది, మార్కులు తక్కువున్న ఒక మంచి లైన్‌మన్‌ను (ముందు వరుసలో ఆడేవాణ్ని) తెచ్చుకోవాలంటే కోచ్‌కు లెక్క సరిచేసే వాళ్లు కావాలి. ఈ మాట ఏ కోచ్ పైకి చెప్పడు లెండి.

ఇందుకే చాలా కాలేజీల్లో ప్రీ-రీడ్ అనే పద్ధతి ఉంది. అప్లికేషన్ వేయకముందే, లెవెన్త్ గ్రేడ్ పూర్తయ్యాక వేసవిలో కోచ్ ఆ పిల్లాడి ట్రాన్‌స్క్రిప్ట్, టెస్ట్ స్కోరు, ట్వెల్త్‌లో తీసుకునే సబ్జెక్టుల లిస్టు అడ్మిషన్స్ ఆఫీస్‌కు పంపి అభిప్రాయం అడుగుతాడు. విలియమ్స్, ఆమ్‌హర్‌స్ట్ లాంటి డివిజన్ 3 (ఆటలో కింది స్థాయి) కాలేజీల్లో ఇది జూలైలో మొదలవుతుంది. కొన్నిచోట్ల అడ్మిషన్స్ వాళ్లు సరే అనేదాకా కోచ్ అఫీషియల్ విజిట్‌కు పిలవలేడు. మీలాంటి తల్లిదండ్రులకు ఇది మేలే, పిలుపు వచ్చిందంటే కాగితం ఒక గుమ్మం దాటినట్టు. అలా కాని చోట్ల మీరే అడగాలి. విజిట్ సాధారణంగా శుక్రవారం సాయంత్రం భోజనంతో మొదలవుతుంది. శనివారం ప్రాక్టీస్ గ్రౌండు, హాస్టల్, జెర్సీ వేసి ఫొటోలు. ఆదివారం పొద్దున హెడ్ కోచ్ గదిలో కూర్చోబెట్టి మాట్లాడతారు. అక్కడ అబ్బాయి అడగాల్సినది ఒకటే: ‘నా ట్రాన్‌స్క్రిప్ట్ అడ్మిషన్స్ ఆఫీస్ చూసిందా? ఏమంది?’ ‘నీ మార్కులకు సమస్యే ఉండదు’ అన్నది జవాబు కాదు. ‘జూలైలో పంపుతాం, ఆగస్టుకు చెబుతాం’ అన్నది జవాబు.

ఐవీల్లో ఇంకో మెట్టు ఉంది. అక్టోబర్ 1 తర్వాత అడ్మిషన్స్ ఆఫీస్ ‘లైక్లీ లెటర్’ ఇవ్వొచ్చు. మార్కులు పడిపోకుండా చూసుకుంటే సీటు ఇస్తామని చెప్పే ఉత్తరం అది, దాని మీద సంతకం అడ్మిషన్స్ వాళ్లదే. అది చేతికి వచ్చేదాకా కోచ్ ఫోన్లో ఎంత భరోసా ఇచ్చినా మిగతా కాలేజీల అప్లికేషన్లు ఆపకండి. మిగతా డివిజన్ 1 కాలేజీల్లో చాలామంది డిసెంబర్ మొదట్లో సంతకాలు చేసేస్తారు. ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం చేసే ఒకప్పటి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లోనే రద్దయింది, ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందమే ముఖ్యం. ఏ ఏడాదికి ఎంత అని అందులో రాసి ఉంటుంది, అక్షరం అక్షరం చదవండి.

స్టాన్‌ఫర్డ్ గురించి అడిగారు. అక్కడ ఆటగాళ్లు కూడా అందరిలాగే పూర్తి అప్లికేషన్ వేయాలి, అడ్మిషన్స్ ఒప్పుకోవాలి. ఎన్‌సీఏఏ 2023 జనవరిలో తన అర్హత కోసం శాట్, యాక్ట్ అనే ప్రవేశ పరీక్షలు అక్కర్లేదంది. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, హార్వర్డ్ మాత్రం టెస్ట్ స్కోరు అడుగుతున్నాయి. మీవాడు ఇంకా శాట్ రాయకపోతే ఈ వేసవికి ముందే రాయించండి. స్టాన్‌ఫర్డ్‌లో చేరేటప్పుడు కంప్యూటర్ సైన్స్ సీటు అని విడిగా ఉండదు, మేజర్ తర్వాత ఎంచుకుంటారు. ఇలినాయ్ అర్బానా-షాంపేన్ లాంటి చోట్ల సీఎస్‌కు ఎంపిక వేరేగా జరుగుతుంది, కాబట్టి ‘టీమ్‌లోకి వస్తావ్’ అంటే ఏ మేజర్‌లోకి అని కూడా అడగాలి. సీజన్‌లో వారానికి 20 గంటల దాకా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చని రూలు. సీఎస్ ల్యాబులు దానికి అడ్డొస్తే ఏం చేస్తున్నారో ప్రస్తుతం ఆ టీమ్‌లో సీఎస్ చదివే కుర్రాణ్ని అడిగితే తెలుస్తుంది. అలాంటి కుర్రాడు ఒక్కడూ లేడంటే అదీ ఒక సమాధానమే.

కిక్కర్ల పరిస్థితి వేరు. చాలా టీమ్‌లు ఏడాదికి ఒక కిక్కర్‌ని తీసుకుంటాయి, కొన్నేళ్లు ఎవర్నీ తీసుకోవు. వీడియో చూసి నమ్మరు, కళ్లతో చూడాలి. డివిజన్ 1లో విజిట్‌కు వచ్చినప్పుడు ట్రయల్ పెట్టకూడదు. అందుకే నిజమైన పరీక్ష జూన్ క్యాంపుల్లో జరుగుతుంది. హైస్కూల్లో ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నడం) కొట్టడానికి కింద రెండంగుళాల బ్లాక్ పెట్టుకోనిస్తారు, కాలేజీలో 1989 నుంచి అది లేదు, బంతి గడ్డి మీదే ఉంటుంది. మీ అబ్బాయి ఇంకా బ్లాక్ మీదే ప్రాక్టీస్ చేస్తుంటే ఈ వారమే మానిపించండి. క్యాంప్‌లో నేల మీద నుంచి కొట్టలేక తెల్లబోయే పిల్లలు చాలామంది ఉంటారు.

మీకు ‘ప్రిఫర్డ్ వాక్-ఆన్’ అన్న మాట వినిపించవచ్చు. టీమ్‌లో చోటు ఇస్తాం, డబ్బు ఇవ్వం అని దాని అర్థం. కిక్కర్లలో చాలామంది అలా మొదలైనవాళ్లే. కానీ 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లించే కేసులో కుదిరిన రాజీ) తర్వాత, అందులో చేరిన కాలేజీల్లో ఫుట్‌బాల్ టీమ్ 105 మందికి మించకూడదు. అంతకుముందు 120 మందికి పైగా ఉన్న టీమ్‌లు మామూలే. ఆ కోత ఎక్కువగా పడింది వాక్-ఆన్‌ల మీదే. ఐవీలు ఆ సెటిల్‌మెంట్‌లో చేరలేదు. డివిజన్ 3కి దానితో సంబంధం లేదు. మీవాడి మార్కులకు నేనైతే అటువైపే ఎక్కువ చూస్తాను: డివిజన్ 3లో జాన్స్ హాప్కిన్స్, కార్నెగీ మెలన్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో. నార్త్ కరోలినాలోని డేవిడ్సన్ డివిజన్ 1 అయినా ఫుట్‌బాల్‌కు స్కాలర్‌షిప్ ఇవ్వని పయనీర్ లీగ్‌లో ఆడుతుంది. మీకు పక్కనే ఉన్న ఎమరీలో ఫుట్‌బాల్ టీమే లేదు, ఆ ఆశ పెట్టుకోకండి.

హెచ్-4 సంగతి చివర రాశారు గానీ, మీ ప్లాన్‌లో అది ముందుండాలి. హెచ్-4 మీద చదువుకోవచ్చు, ఆడొచ్చు, స్కాలర్‌షిప్ తీసుకోవడానికి ఎన్‌సీఏఏ అడ్డు చెప్పదు. కానీ పేరు వాడుకుని వచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు, కాలేజీ పంచే ఆదాయ వాటా వేరు. హెచ్-4కి పని చేసే అనుమతి లేదు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఒక్క డాలర్ కూడా తీసుకోవద్దు. జార్జియా రాష్ట్రం ఇచ్చే హోప్, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్పులు కూడా సిటిజన్లకు, గ్రీన్ కార్డ్ లాంటి అర్హత ఉన్నవాళ్లకే, కాబట్టి జార్జియా టెక్‌లో వాక్-ఆన్‌గా ఉంటూ జెల్‌తో ఫీజు కట్టే దారి మీకు ప్రస్తుతానికి మూసుకుపోయింది. సైనిక కాలేజీలైన వెస్ట్ పాయింట్, నేవల్ అకాడమీలకు సిటిజన్ అయి ఉండాలి. 21 నిండేలోపే అబ్బాయి ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారాలి, అది కాలేజీ మధ్యలోనే పడుతుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్, ఎంఐటీ, ఆమ్‌హర్‌స్ట్ విదేశీ విద్యార్థుల్ని కూడా డబ్బు స్థోమత చూడకుండా చేర్చుకుని కుటుంబ అవసరం మేరకు సాయం చేస్తాయి. మిగతా వాటిలో ‘నాన్-సిటిజన్‌కి ఎంత?’ అని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీస్‌నే అడగాలి, కోచ్‌ని కాదు.

ఎన్‌సీఏఏ అర్హతలో మీవాడికి ఇబ్బంది ఉండదు. 16 కోర్ కోర్సులు, అందులో 10 ట్వెల్త్ మొదలయ్యేలోపు, 2.3 జీపీఏ. మన పిల్లలు దొరికేది ఒక్క చోటే: వేసవిలో ఆన్‌లైన్‌లో గబగబా చేసేసిన క్రెడిట్ కోర్సులు. వాటిని ఎన్‌సీఏఏ ఆమోదించిందో లేదో స్కూల్ కౌన్సెలర్‌తో ఒకసారి చూపించుకోండి.

‘స్లాట్ గ్యారంటీ’ అంటూ ఫీజు అడిగే కన్సల్టెంట్లు తగులుతారు. 2019లో బయటపడిన వర్సిటీ బ్లూస్ కేసులో ఆడని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించి సీట్లు కొన్నారు, తల్లిదండ్రులు జైలుకి వెళ్లారు. అలాంటివాళ్ల ఫోన్ ఎత్తకండి.

చివరగా, కోచ్‌లకు జవాబులు మీరు రాయొద్దు, అబ్బాయితోనే రాయించండి. నాన్న రాసిన మెయిల్ రెండో లైన్లోనే తెలిసిపోతుంది. అందులో ట్రాన్‌స్క్రిప్ట్ జతచేయాలి, శాట్ తేదీ చెప్పాలి, బ్లాక్ లేకుండా నేల మీద నుంచి కొట్టిన వీడియో పెట్టాలి, ‘ఇది అఫీషియల్ విజిటా, ప్రీ-రీడ్ ఎప్పుడు చేస్తారు’ అని అడగాలి. ఎవరు జవాబిస్తారో చూసి ఏప్రిల్, జూన్ వారాంతాలు వాళ్లకే ఉంచండి. డివిజన్ 1లో జూన్ చివరి నుంచి జూలైలో చాలా భాగం డెడ్ పీరియడ్, అప్పుడు వెళ్లినా కోచ్ కలవడు.