నాయనమ్మ చేతి వణుకు, మనవరాలి రీసెర్చ్

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయికి లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించినా నీట్‌లో సీటు రాలేదు. బీఫార్మసీలో చేరింది, ఇప్పుడు థర్డ్ ఇయర్. మా అమ్మకు మూడేళ్లుగా పార్కిన్సన్స్. ఆవిడ మందులన్నీ అమ్మాయే చూసుకుంటుంది. ఇప్పుడేమో మెదడు రిసెప్టర్ల (కణాల మీద రసాయనాలు వచ్చి అతుక్కునే చోట్ల) మీద రీసెర్చ్ చేస్తాను, కొత్త మందులు కనిపెడతాను అంటోంది. హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగమో, అమెరికాలో ఎంఎస్సో అయితే త్వరగా స్థిరపడుతుందని మా ఆశ. ఈ రీసెర్చ్‌లో అన్నం పుడుతుందా? ఎన్నేళ్లు పడుతుంది? పెళ్లి ఎప్పుడు చేయాలి?

జవాబు: అన్నం పుడుతుందండీ. కాకపోతే కుక్కర్‌లో వండే అన్నం కాదు, కట్టెల పొయ్యి మీద అన్నం.

ముందు మీ అమ్మగారి మాత్ర సంగతి చూద్దాం. అమ్మాయికి ఈ ఆసక్తి పుట్టింది అక్కడే కదా. పార్కిన్సన్స్‌లో కదలికలను అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు తగ్గిపోతాయి. మరి డోపమైన్‌నే మాత్రగా ఇవ్వొచ్చు కదా అంటే, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గోడ దాన్ని లోపలికి రానివ్వదు. అందుకని దాని ముడిసరుకైన లెవోడోపా ఇస్తారు. అది దారిలోనే ఖర్చయిపోకుండా కార్బిడోపాను తోడు పంపుతారు. ఒంటికి తగిలితే దురద పుట్టించే మన దూలగొండి ఉంది చూశారా, దాని గింజల్లో ఉండేదీ ఈ లెవోడోపాయే. (అలాగని గింజలు నూరి పెట్టకండి, ఏ గింజలో ఎంతుందో తెలియదు.) పప్పన్నంతో పాటు ఈ మాత్ర వేస్తే సరిగా పనిచేయదు. పప్పులోని ప్రొటీన్లు, లెవోడోపా ఒకే తలుపు దగ్గర తోసుకుంటాయి కాబట్టి. అమ్మాయి భోజనానికి ముందే మాత్ర వేస్తుంటే, ఎందుకని అడిగి చూడండి. డాక్టర్ చెప్పారు కాబట్టి అంటే మంచి మనవరాలు. ఈ తలుపు సంగతి ఎత్తిందా, మీరు నాకు ఉత్తరం రాయడం ఆలస్యమైందన్నమాట.

అయితే ఆసక్తి ఒక్కటీ చాలదు. ఈ రంగం ఓపికను ఎంతగా పరీక్షిస్తుందో ఒక మందు కథలో చెబుతాను. 1990లలో అమెరికా కంపెనీ ఎలై లిల్లీ జానోమెలిన్ అనే మందును అల్జీమర్స్ రోగులకు ఇచ్చి చూసింది. మెదడులోని మస్కరినిక్ రిసెప్టర్లను తట్టిలేపడం దాని పని. లేని మాటలు వినిపించడం లాంటి లక్షణాలు తగ్గాయి. కానీ ఆ రకం రిసెప్టర్లు పొట్టలో, పేగుల్లో కూడా ఉంటాయి. వికారం, వాంతులు. మందు అటకెక్కింది. చాలా ఏళ్ల తర్వాత కరుణా థెరప్యూటిక్స్ అనే చిన్న కంపెనీ దాన్ని దించి, ట్రోస్పియం అనే పాత మందుతో జతకట్టింది. మాటిమాటికీ మూత్రం వచ్చేవాళ్లకు వాడే మందది. ఆ రిసెప్టర్లను మూసేస్తుంది, కానీ మెదడు గోడ దాటలేదు. అంటే ఒంట్లో తాళం పడింది, మెదడులో తలుపు తెరిచే ఉంది. ఎంత తెలివి! 2024 సెప్టెంబరులో ఈ జంటకు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. 1952లో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైనప్పటి నుంచి ఆ జబ్బుకు వచ్చిన మందులన్నీ దాదాపుగా డోపమైన్ రిసెప్టర్ చుట్టూనే తిరిగాయి. ఇది వేరే దారి.

ఆ ఏడాది నవంబరులోనే, అదే కుటుంబంలోని రిసెప్టర్ మీద పనిచేసే ఎమ్రాక్లిడిన్ అనే మందు ట్రయల్స్‌లో ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. ఆ మందు కోసం ఏబ్‌వీ అనే అమెరికా కంపెనీ ఏకంగా ఒక కంపెనీనే 870 కోట్ల డాలర్లకు కొనుక్కుంది మరి. హైదరాబాద్‌లో మెదడు మందుల మీదే పనిచేసే సువెన్ లైఫ్ సైన్సెస్ సంగతీ చూడండి. వాళ్ల మసుపిర్డిన్ 2019లో అల్జీమర్స్ మతిమరుపు ట్రయల్‌లో నెగ్గలేదు. అదే మందును ఆ రోగుల్లో కనిపించే ఆందోళన, చిరాకు మీద మళ్లీ పరీక్షకు పెట్టారు. ఇక్కడ ఓడినవాళ్లు ఇంటికి పోరు, లెక్క మార్చి మళ్లీ కూర్చుంటారు. మీ అమ్మాయి మనస్తత్వం అలాంటిదేనా? నాకంటే మీకే తెలియాలి.

రోజువారీ పని మాత్రం కథంత బాగుండదు. బీఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే చదువు) ప్రాక్టికల్స్ ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ తెర మీదే. తను ఎలుకను చేత్తో పట్టుకుని కూడా ఉండకపోవచ్చు. రీసెర్చ్ ల్యాబ్‌లో రోటారాడ్ అని తిరిగే కడ్డీ ఉంటుంది. ఎలుకను దానిమీద ఎక్కించి, ఎన్ని సెకన్లకు పడిందో రాసుకోవాలి. మళ్లీ ఎక్కించాలి. వారాల తరబడి ఇదే. చివరికి మందు వేసినవాటికీ వేయనివాటికీ తేడా లేదని తేలొచ్చు. ఆ తర్వాత ఆ ఎలుకలను చంపి మెదడు తీయాలి. తెనాలి వైపు కుర్రాడొకడు, క్లాసులో ఫస్టు, సరిగ్గా ఇక్కడే ఆగిపోయి నా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ఫార్మకోవిజిలెన్స్‌లో హాయిగా ఉన్నాడు. ఏ మందు ఎవరికి ఏ ఇబ్బంది తెచ్చిందో పట్టుకునే పని అది. మీ అమ్మాయి దాన్ని చిన్నచూపు చూస్తుంటే మాత్రం నేను ఒప్పుకోను.

దారి చెబుతాను. ఫైనల్ ఇయర్‌లో జీప్యాట్ (పీజీ ఫార్మసీ ప్రవేశ పరీక్ష) రాయాలి. ఆ అర్హతతో నైపర్ (కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ) జేఈఈ రాస్తే హైదరాబాద్, మొహాలీ లాంటి నైపర్‌లలో రెండేళ్ల ఎంఎస్ ఫార్మసీ చేయొచ్చు. తీసుకోవాల్సింది ఫార్మకాలజీ. ఇక్కడే ఎంఫార్మసీలో చేరినా జీప్యాట్ ఉంటే నెలకు 12,400 స్కాలర్‌షిప్ ఉంది. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్, మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ, హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీ. జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె వేరే. అన్నీ సవ్యంగా సాగినా డాక్టరేట్ వచ్చేసరికి ముప్పైకి దగ్గరవుతుంది. మన కంపెనీలు ఎక్కువగా పాత మందుల జనరిక్స్ చేసేవే కాబట్టి, ఈ ప్రత్యేక పనికి ఉద్యోగాలు తక్కువ. అమెరికా మీద మనసుంటే ఎంఎస్‌కు అప్పు చేయకండి. అక్కడ చాలా యూనివర్సిటీలు సైన్స్ పీహెచ్‌డీకి ఫీజు తీసుకోకపోగా ఎదురు స్టైపెండ్ ఇస్తాయి.

పెళ్లి సంగతి తననే అడగండి. అందులో నా సలహాకు ఫీజూ లేదు, విలువా లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. వచ్చే వేసవి సెలవుల్లో ఏదో ఒక ల్యాబ్‌లో కూర్చోవాలి. మీకు దగ్గర్లోనే నాగార్జున యూనివర్సిటీ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, కాస్త దూరమైతే నైపర్ హైదరాబాద్. పదిమంది ప్రొఫెసర్లకు మెయిల్ రాయమనండి. అందరికీ ఒకే మెయిల్ కాదు. ఒక్కొక్కరి పేపర్ ఒకటి చదివి, అందులో అర్థంకాని ఒక్క ముక్క అడుగుతూ రాయాలి. ఇద్దరు జవాబిచ్చినా గొప్పే. తిరిగొచ్చాక ఉత్తరం మీరు రాయొద్దు, తన చేతే నాకు రాయించండి.