మానిటర్ ఉన్నట్టుండి నల్లబడుతుంటే ముందు ఏం చూడాలి?

పని మధ్యలో తెర రెండు మూడు సెకన్లు నల్లబడి, మళ్ళీ దానంతటదే వస్తోందంటే టెన్షన్ పడి కొత్త మానిటర్ కొనేయకండి. ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. 4కె (3840×2160 చుక్కల) దృశ్యం 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు మారుతూ, పూర్తి నాణ్యతతో రావాలంటే హెచ్‌డీఎంఐ (మానిటర్‌కు దృశ్యాన్ని చేర్చే కనెక్షన్) 2.0 స్థాయి, అంటే సెకనుకు 18 గిగాబిట్లు మోయగల కేబుల్ ఉండాలి. పాతదో, మరీ పొడవైనదో అయితే సిగ్నల్ మధ్యమధ్యలో తెగుతుంది. మానిటర్ దాన్ని మళ్ళీ అందుకునేదాకా తెర చీకటే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు మారాలో ఆ లెక్క) 30 హెర్ట్జ్‌కి తగ్గించి ఒక పూట వాడి చూడండి. సమస్య ఆగిందంటే కేబుల్ మార్చాల్సిందే.

నా దగ్గర మాత్రం కారణం కుర్చీ! ఎత్తు పెంచి తగ్గించే గ్యాస్ సిలిండర్ ఉన్న ఆఫీసు కుర్చీలోంచి లేచినప్పుడల్లా తెర పోయేది. అలాంటి కుర్చీల్లో పుట్టే స్థిర విద్యుత్తు కేబుల్‌లోని సిగ్నల్‌ను చెదరగొట్టగలదు. షీల్డింగ్ (బయటి విద్యుత్ అలజడిని అడ్డుకునే లోపలి తొడుగు) బాగున్న పొట్టి కేబుల్ వేశాక ఆ బాధ తప్పింది.

అయినా తగ్గకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరపై దృశ్యాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. తెర నల్లగానే ఉండిపోతే టార్చ్‌లైటు ఏటవాలుగా వేసి చూడండి. అక్షరాలు మసకగా కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్ (తెర వెనకుండే దీపం), అది రిపేరు షాపులో చూపించాల్సిందే.