అమ్మాయి కిడ్నీ పేషెంట్లకి డైటీషియన్ అవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట దగ్గర పల్లె. మా ఆవిడకి రెండేళ్లుగా డయాలసిస్ అవుతోంది, వారానికి రెండుసార్లు. అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్ రాయను, డైటీషియన్ చదువుతాను, అమ్మలాంటి వాళ్లకే పని చేస్తాను అంటోంది. వంటలు చెప్పడానికి చదువెందుకని చుట్టాలు నవ్వుతున్నారు. మాకున్నది రెండెకరాల జీడితోట. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుకి 40 వేలు కడితే సర్టిఫికెట్ ఇస్తామని ఒకళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. అమెరికాలో ఉన్న మా బావమరిది మాత్రం అక్కడ ఈ ఉద్యోగానికి మంచి విలువుంది, చదివించు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అన్నయ్య గారూ, ముందు ఆ 40 వేలు కట్టకండి. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకుందాం గానీ అది మాత్రం వద్దు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని అమ్మాయి ఇన్‌స్టాలో బరువు తగ్గే చిట్కాలు చెప్పుకోవచ్చేమో గానీ డయాలసిస్ పేషెంట్‌కి ఏం తినాలో చెప్పే అర్హత దాంతో రాదు, రాకూడదు కూడా, ఎందుకంటే ఈ పనిలో తప్పు సలహా ఇస్తే మనిషి ప్రాణం మీదకే వస్తుంది. మీ ఇంట్లో ఆ సంగతి మీకు వేరేగా చెప్పక్కర్లేదు.

ఇక వంటలు చెప్పే చదువు అన్న మాట. నేను కూడా ఒకప్పుడు దాదాపు అలాగే అనుకునేదాన్ని, మా పెద్దనాన్న డయాలసిస్‌లో పడేదాకా. ఆయనకి కిడ్నీలు ఇంకా పూర్తిగా పోకముందు ఒక ఆసుపత్రిలో ఇంగ్లీషులో కొట్టిన జిరాక్స్ కాగితం ఇచ్చారు, పప్పు తగ్గించు, గుడ్డు వద్దు, చేప వద్దు, మాంసం వద్దు అని. అప్పటికి అది సరైన సలహానే, ఎందుకంటే డయాలసిస్ మొదలవకముందు కిడ్నీ మీద భారం తగ్గించడానికి మాంసకృత్తులు తగ్గిస్తారు, కిలో బరువుకి 0.6 గ్రాముల దాకా కూడా తెస్తారు. కానీ డయాలసిస్ మొదలయ్యాక ఆ కాగితాన్ని చించెయ్యమని మాకెవరూ చెప్పలేదు. మిషన్ మీద రక్తం శుభ్రం చేసేటప్పుడు చెడుతో పాటు మంచి కూడా పోతుంది, ఒక్కో సిట్టింగ్‌లో సుమారు 10 గ్రాముల దాకా అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తులు తయారయ్యే ముడిసరుకు, బయటికి పోతాయి, అందుకే డయాలసిస్ పేషెంట్ కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు తినాలి. అంటే 50 కిలోల మనిషికి నిన్నటిదాకా 30 గ్రాములు, ఇవాళ్టి నుంచి 50, 60. దాదాపు రెట్టింపు! మా పెద్దనాన్న పాపం ఎనిమిది నెలలు ఆ పాత కాగితమే పట్టుకుని చారన్నం తిని బతికాడు, బుగ్గలు లోపలికి పోయాయి, పంచె నడుము మీద నిలిచేది కాదు, మేమేమో జబ్బు ముదిరింది అనుకున్నాం.

తర్వాత ఇంకోచోట డయాలసిస్‌కి మారినప్పుడు అక్కడ ఒక డైటీషియన్ అమ్మాయి ఉండేది, పాతికేళ్లు కూడా ఉండవు. మొదటిరోజు మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుని నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏమేం తిన్నారు తాతగారూ అని అడిగింది, ఎన్ని గరిటెలు, ఏ గిన్నెతో, కూరలో రసం ఎంత, అన్నీ. నీళ్లెన్ని తాగుతారు అంటే మూడు గ్లాసులే అన్నాడు ఆయన. ఈసారి వచ్చేటప్పుడు ఆ గ్లాసు తెండి అంది. తెచ్చాం, మామూలు స్టీలు గ్లాసే. దాన్నిండా నీళ్లు పోసి కొలత జగ్గులోకి వంచితే 300 మిల్లీలీటర్లు! అంటే మూడు గ్లాసులకే 900, మజ్జిగ, టీ, చారు వేరే. ఆయనకి మూత్రం రోజుకి 200 మిల్లీలీటర్లకి మించి వచ్చేది కాదు, దానికి ఇంకో 500 కలుపుకుని మొత్తం 700 లోపల ఉండాలి, అందులోనే టీ, అందులోనే మజ్జిగ. అందుకే మిషన్ ఎక్కేసరికి మూడేసి కిలోలు పెరిగి ఆయాసంతో వచ్చేవాడు. ఇన్నాళ్లూ మేం ఆయన దొంగతనంగా నీళ్లు తాగుతున్నాడని తిట్టాం, ఆయన అబద్ధం చెప్పలేదు, గ్లాసే పెద్దది.

ఇంకా ఆ అమ్మాయి నీళ్లు తగ్గించు తగ్గించు అని ఊదరగొట్టలేదు, ముందు ఉప్పు పట్టుకుంది. ఆవకాయ, అప్పడం, ఉప్పు మిరపకాయలు మానేస్తే దాహం దానంతటదే తగ్గుతుంది, ఉప్పు మొత్తం కలిపి రోజుకి ఒక చిన్న చెంచా, 5 గ్రాములు దాటకూడదు అంది. నాలుగు వారాల్లో ఆయన దాహం సగానికి సగం తగ్గింది. నేను పక్కనే కూర్చుని చూశాను అన్నయ్య గారూ. ఇది వంటలు చెప్పడం కాదు.

కిడ్నీ జబ్బులు అంత ఎక్కువగా ఉన్న మీ ఉద్దానంలో అయితే ఈ పని ఇంకా కష్టం, ఇంకా అవసరం. ఇంటి ముందు కొబ్బరి చెట్టు, వెనక జీడితోట, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు ఒక బోండాం కొట్టి ఇవ్వడం మన అలవాటు. ఆ ఒక్క బోండాంలో 500 మిల్లీగ్రాముల చుట్టుపక్కల పొటాషియం ఉంటుంది, డయాలసిస్ పేషెంట్లకి రోజు మొత్తానికి 2000 కి అటూఇటూ కట్టడి పెడతారు చాలామందికి. పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది, అది కూడా రెండు డయాలసిస్‌ల మధ్య గ్యాప్ ఎక్కువ ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ, వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్లకి ఆ గ్యాప్ మూడు నాలుగు రోజులుంటుంది కదా. జీడిపప్పు కూడా అంతే, పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువే. ఇప్పుడు ప్రేమగా బోండాం తెచ్చిన తమ్ముడికి, కూతురు ఇంటికొచ్చిందని జీడిపప్పు పాయసం కాచిన అమ్మకి ఇది వద్దు అని మనసు నొచ్చకుండా చెప్పాలి, చెప్పి ఊరుకోకుండా మరి ఏం తినొచ్చో కూడా చెప్పాలి. ఊరి మాట, ఊరి తిండి తెలిసిన పిల్ల చెప్తే వింటారు, ఇంగ్లీషు కాగితం చెప్తే వినరు.

అలాగే కూరగాయల సంగతి. బంగాళాదుంప లాంటివి చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం చాలావరకు పోతుంది. కానీ మన ఇళ్లల్లో ఉడికించిన నీళ్లు పారబోయడం అంటే పాపం అన్నట్టు చూస్తారు, ఆ నీళ్లే చారులో పోస్తారు, పోయిన పొటాషియం మళ్లీ కంచంలోకే వస్తుంది. ఉప్పు తగ్గించమన్నారు కదా అని లో సోడియం ఉప్పు కొనుక్కొచ్చేవాళ్లు ఇంకోరకం, అందులో సోడియం బదులు ఉండేది పొటాషియమే. ఫాస్ఫరస్ తగ్గడానికి ఇచ్చే మాత్రలు కూడా చాలామంది గుర్తొచ్చినప్పుడు వేసుకుంటారు, అవి అన్నంతో పాటు వేసుకుంటేనే అన్నంలోని ఫాస్ఫరస్‌ని పట్టుకుంటాయి, తిన్న రెండు గంటలకి వేసుకుంటే దండగ. ఇలాంటివన్నీ పట్టుకోవాలంటే కెమిస్ట్రీ తెలియాలి, శరీరం తెలియాలి, నెలనెలా వచ్చే రక్తపరీక్ష కాగితం చదవడం రావాలి, దాంతోపాటు ఇంటి గడప లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఆ చివరిది మీ అమ్మాయి ఇప్పటికే నేర్చేసుకుంది.

(ఈ లెక్కలు చూసి వదిన గారి తిండి మార్చెయ్యకండి. ఆవిడ బరువుని బట్టి, రిపోర్టుల్ని బట్టి లెక్క మారుతుంది, ఈసారి డయాలసిస్‌కి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు గారిని, డైటీషియన్ ఉంటే వాళ్లని అడగండి.)

చదువు సంగతికి వద్దాం. బైపీసీ కాబట్టి దారి సూటిగానే ఉంది. మూడు నాలుగేళ్ల డిగ్రీ, న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ గానీ హోమ్ సైన్స్ గానీ, ఆ తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీ. బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ చేసి తర్వాత ఎమ్మెస్సీ న్యూట్రిషన్‌కి వెళ్లేవాళ్లూ ఉన్నారు గానీ డిగ్రీ నుంచే ఈ సబ్జెక్టు ఉంటే తర్వాత అర్హతల దగ్గర చిక్కులు రావు, నా మాట విని అలాగే చేయించండి. ఏపీలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్ అడ్మిషన్లలోనే వస్తాయి. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, ఆడపిల్లలకే ప్రత్యేకం, 1983లో పెట్టారు, దూరం అనుకోకపోతే వాకబు చెయ్యండి. హైదరాబాద్‌లో సైఫాబాద్ హోమ్ సైన్స్ కాలేజీ, ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ కాలేజీ అంటున్నారు, పాతది, పేరున్నది. ఎమ్మెస్సీకి మాత్రం తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూడండి, అందరూ ఎన్ఐఎన్ అంటారు, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది, మన దేశపు తిండిలో ఏ గింజలో ఎంత మాంసకృత్తు, ఎంత పొటాషియం అని 2017లో అచ్చేసిన పట్టికలు వాళ్లవే, దేశంలో ప్రతి డైటీషియన్ టేబుల్ మీదా అవే ఉంటాయి. అక్కడ ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది, సీట్లు బాగా తక్కువ, అమ్మాయి ఇప్పట్నుంచే ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి.

పీజీతో అయిపోలేదు. ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, ఆ తర్వాత ఇండియన్ డయటెటిక్ అసోసియేషన్ పెట్టే పరీక్ష పాసైతే రిజిస్టర్డ్ డైటీషియన్ అంటారు, పేరు పక్కన ఆర్డీ అని రాసుకుంటారు. నన్నడిగితే మొత్తం చదువులో ఆ ఆరు నెలలే ప్రాణం. పుణ్యానికి సంతకం పెట్టించుకునే చోట కాకుండా, నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) విభాగం, డయాలసిస్ యూనిట్ ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే చేయించండి. ఇంకోటి, 2021లో కేంద్రం అనుబంధ వైద్య వృత్తులకి చట్టం తెచ్చింది, అందులో డైటీషియన్లు కూడా ఉన్నారు, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్ట్రేషన్లు దాని కిందకే వస్తాయి, కాబట్టి కాలేజీలో చేరేముందే ఈ డిగ్రీకి ఆ చట్టం కింద గుర్తింపు ఉంటుందా అని అడిగి, నోటి మాట కాకుండా రాతలో తీసుకోండి. మూడు నెలల కోర్సుల వాళ్లు అసలు దెబ్బ తినేది ఇక్కడే.

జీతం గురించి దాచను. మొదట్లో తక్కువ. ప్రైవేటు ఆసుపత్రుల్లో పదిహేను, ఇరవై వేల దగ్గర మొదలవడం మామూలే, ఎమ్మెస్సీ చేసి కూడా అంతేనా అని పిల్లలు నా దగ్గర ఏడ్చిన రోజులున్నాయి. ఆర్డీ ఉండి, నాలుగైదేళ్లు కిడ్నీ విభాగంలోనే పని చేసి, డాక్టర్లకి నమ్మకం కుదిరితే పరిస్థితి మారుతుంది. ప్రభుత్వం వైపు ఎయిమ్స్ లాంటి చోట్ల డైటీషియన్ పోస్టులు పడుతుంటాయి, అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పోస్టులకి కూడా ఈ డిగ్రీ వాళ్లు పోటీ పడొచ్చు. కానీ వెంటనే ఇంటికి డబ్బు పంపాల్సిన పరిస్థితి ఉంటే, ఆరేళ్ల చదువు లాగగలమా అని అమ్మాయీ మీరూ కూర్చుని ముందే లెక్క వేసుకోండి. ఈ చదువు కోసం తోట అమ్మకండి, గవర్నమెంటు యూనివర్సిటీలోనే చదివించండి.

మీ బావమరిది చెప్పింది నిజమే. అమెరికాలో డయాలసిస్ సెంటర్ నడపాలంటే టీములో డైటీషియన్ ఉండి తీరాలి, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉన్నవాళ్లే అయ్యుండాలి, అది అక్కడి ప్రభుత్వ నియమం. అయితే 2024 నుంచి అక్కడ రిజిస్ట్రేషన్ పరీక్షకి మాస్టర్స్ తప్పనిసరి చేశారు, ఇక్కడి చదువుని అక్కడ లెక్కగట్టించుకోవాలి, మళ్లీ పరీక్ష రాయాలి. అది పదేళ్ల తర్వాత మాట, ఇప్పుడు దాన్ని చూసుకుని నిర్ణయం తీసుకోవద్దు. మీ పలాసలోనే 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అమ్మాయి కోరుకున్న పని మీ గుమ్మం దగ్గరే ఉంది.

నాకున్న బెంగ ఒక్కటే. అమ్మ జబ్బు చూసి ఈ చదువు కోరుకుంటోంది, మంచిదే, కానీ రేపు వార్డులో రోజుకి ఇరవైమంది అమ్మలు కనిపిస్తారు, వాళ్లలో కొందరు పోతారు కూడా. అది మొయ్యగలదా అన్నది మీరూ నేనూ చెప్పలేం, తనే చూసుకోవాలి. ఇంటర్ పరీక్షలయ్యాక సెలవుల్లో వదిన గారితో పాటు నాలుగు గంటలూ డయాలసిస్ వార్డులో కూర్చోమనండి, అమ్మ దగ్గరే కాదు, ఒప్పుకుంటే పక్క మంచం వాళ్లతో కూడా మాట్లాడమనండి. సలహాలు ఇవ్వొద్దు, ఊరికే అడగమనండి, నిన్నేం తిన్నారు, ఏం తినాలనిపిస్తోంది అని. ఒక పది రోజులు అలా కూర్చుని కూడా ఇదే కావాలంటే ఇక మీరు అడ్డు చెప్పకండి.

అమ్మాయి ఫస్టియర్ మార్కుల మెమో, ఏ కాలేజీల గురించి ఆలోచిస్తున్నారో వాటి పేర్లు పంపండి, హాస్టల్ ఖర్చుతో సహా లెక్కేసి చెప్తాను. ఆ 40 వేల వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, మీ సర్టిఫికెట్‌తో ఆర్డీ పరీక్ష రాయనిస్తారా అని ఒక్క ముక్క అడిగి చూడండి.