ఇంటికో చవక డెస్క్‌టాప్: ఏది కొనాలి, ఏది బిగించుకోవాలి?

విదేశానికి కొత్తగా వచ్చిన కుటుంబాలు తరచూ అడిగే సందేహం ఇది. "ఇద్దరికీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. ఇంట్లోకి మాత్రం ఒక కంప్యూటర్ కావాలి. పిల్లల చదువు, బిల్లులు, బ్యాంకు పనులు, అమ్మానాన్నలతో వీడియో కాల్, రాత్రికి ఓ సినిమా. అంతకు మించి ఏమీ లేదు. విడిభాగాలు కొని మనమే బిగించుకుంటే చవకగా వస్తుందంటున్నారు, నిజమేనా?"

సగమే నిజం. గేములకో, వీడియో ఎడిటింగుకో అయితే భాగాలు ఏరుకుని బిగించుకోవడంలో లాభం ఉంది. బ్రౌజరు, వర్డు, వీడియో కాల్ వరకే అయితే కేసు (పై పెట్టె), పవర్ సప్లై, మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే బోర్డు), విండోస్ లైసెన్సు అంటూ కొసరు ఖర్చులే అసలును మించిపోతాయి. దానికి తోడు 2025 చివరి నుంచి ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) ధరలు చుక్కలనంటుతున్నాయి. అందుకే నేను చెప్పేది ఒకటే: కంపెనీలు వాడి వదిలేసిన ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి తెచ్చుకోండి, అందులో ఒకటి రెండు భాగాలు మీరే మార్చుకోండి. మొత్తం మీరే బిగించుకోవాలన్న సరదా ఉంటే అదీ చెబుతాను. కానీ అది సరదా కోసమే, డబ్బు మిగులుతుందని కాదు.

ముందు ఇంకో మాట. ఆఫీసు ల్యాప్‌టాప్ ఉండగా ఇంకోటి దండగ కదా అంటారు కొందరు. దండగ కాదు. ఆ ల్యాప్‌టాప్ కంపెనీది. అందులో మీరు ఏం చేస్తున్నారో వాళ్లు చూడగలరు, ఏ రోజైనా లాక్ చేయగలరు. ఉద్యోగం పోయిన రోజు ఆ మెషిన్‌తో పాటు అందులో దాచుకున్న వీసా కాగితాలు, పన్ను రిటర్నులు, పిల్లల ఫోటోలు కూడా చేతికందకుండా పోతాయి. సరిగ్గా ఆ వారంలోనే ఆ కాగితాలన్నీ కావలసి వస్తాయి.

ఇక ఆఫీసు డెస్క్‌టాప్‌ల సంగతి. పెద్ద కంపెనీలు కంప్యూటర్లను లీజుకు తీసుకుని కొన్నేళ్లకు వెనక్కి ఇచ్చేస్తాయి. వాటిని శుభ్రం చేసి, పరీక్షించి, రీఫర్బిష్డ్ పేరుతో అమ్ముతారు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్, ఎక్కువగా కనిపించేవి ఈ మూడే. రోజంతా ఆఫీసులో నడవడానికి చేసినవి కాబట్టి గట్టిగా ఉంటాయి, చప్పుడు తక్కువ, విడిభాగాలూ దొరుకుతాయి.

వీటిలో చూడాల్సింది ఐ5, ఐ7 అన్న ఇంటెల్ ప్రాసెసర్ స్టిక్కరు కాదు, దాని పక్కనున్న అంకె. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. ఐ5-6500 అంటే ఆరో తరం. ఐ5-10500 అంటే పదో తరం. ఎనిమిదో తరానికి ముందువి దాదాపు ఏవీ విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. బ్యాంకు పనులు చేసే మెషిన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోవడం మంచిది కాదు. అందుకే "ఐ7 మెషిన్, కారుచవక" అన్న ప్రకటన కనబడగానే ఎగబడకండి. నాలుగో తరం ఐ7-4770 కన్నా 2022లో వచ్చిన ఐ3-12100 వేగంగా పనిచేస్తుంది. పాత ఐ7లను ఆ పేరు చెప్పుకునే అమ్ముతున్నారు. మోడల్ పేర్లతో వెతకాలంటే ఆప్టిప్లెక్స్ 3060, 5060, 7060, ఎలైట్‌డెస్క్ 800 జీ4, థింక్‌సెంటర్ ఎం720, ఎం920. ఇవన్నీ ఎనిమిదో తరం నుంచి మొదలవుతాయి. ఇంటెల్ కాకుండా ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి చాలావరకు జాబితాలో ఉన్నాయి, కాకపోతే ఒక్కో మోడల్ సరిచూసుకోవాలి.

సైజు విషయంలో నా ఓటు చిన్న టవర్‌కు గానీ, ఎస్ఎఫ్ఎఫ్ అనే సన్న పెట్టెకు గానీ. మానిటర్ వెనక తగిలించే బుల్లి పెట్టెలు ముచ్చటగా ఉంటాయి, ఇల్లు మారేటప్పుడు బ్యాగులో పడేసుకోవచ్చు కూడా. కానీ వాటిలో ల్యాప్‌టాప్ ర్యామే పడుతుంది, తరవాత ఏదైనా చేర్చడానికి చోటుండదు. మొదటి రెండేళ్లలో ఎన్ని ఇళ్లు మారతారో తెలియనివాళ్లకు మాత్రం అవే నయం.

అమ్మేవాడి ఎదుట చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆన్ చేయించి, విండోస్ కన్నా ముందు వచ్చే బయాస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేసి రండి, పాత కంపెనీ వేసిన తాళం అది, తీయడం మీ వల్ల కాదు. గడియారం తప్పు చూపిస్తే కంగారు పడొద్దు, సీఆర్2032 అనే గుండ్రటి బ్యాటరీ మారిస్తే సరిపోతుంది. యూఎస్‌బీ సాకెట్లన్నిటిలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. వెనక ఏ డిస్‌ప్లే సాకెట్లు ఉన్నాయో ఫోటో తీసుకోండి, ఎందుకో కింద చెబుతాను. వైఫై ఉందో లేదో అడగండి. ఆఫీసుల్లో వైరుతోనే పని జరిగేది కాబట్టి చాలావాటిలో ఉండదు. చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్‌తో గడిచిపోతుంది గానీ, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇంటికి తెచ్చాక మొదట చేయాల్సిన పని ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో నడిచే వేగమైన డిస్క్) వేయడం. మెషిన్‌లో పాత హార్డ్‌డిస్క్ ఉంటే మిగతా ఏం మార్చినా వేగం రాదు. హార్డ్‌డిస్క్ సెకనుకు సుమారు 150 మెగాబైట్లు చదివితే హార్డ్‌డిస్కులు వాడే సాటా రకం ఎస్ఎస్‌డీ 550 దాకా చదువుతుంది. చిన్నచిన్న ఫైళ్ల దగ్గరైతే తేడా అంతకు ఎన్నో రెట్లు. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్ఎస్‌డీ ఇంకా వేగం, 3500 దాటినవి మామూలే. కానీ బ్రౌజరు తెరవడంలో ఆ రెండింటి మధ్య తేడా మీ కంటికి ఆనదు. మీ బోర్డు ఏది తీసుకుంటే, ఏది చవకైతే అది కొనండి. 500 జీబీ చాలు. ర్యామ్ 8 జీబీతో పని నడుస్తుంది, 16 ఉంటే హాయిగా నడుస్తుంది. ఈ ధరల్లో విడిగా కొనే బదులు 16 జీబీతోనే వచ్చే మెషిన్ వెతకడం తెలివైన పని. పాత డిస్క్ ఏదైనా ఉంటే దాన్ని పూర్తిగా తుడిచి, విండోస్ కొత్తగా వేసుకోండి. అమ్మినవాడు ఎంత మంచివాడైనా సరే, అతను వేసిన విండోస్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టొద్దు.

విండోస్‌కు విడిగా డబ్బు కట్టాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆ మెషిన్‌లో ఇంతకుముందు అసలైన విండోస్ 10 గానీ 11 గానీ నడిచి ఉంటే లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. కొత్తగా వేసి ఇంటర్నెట్ తగిలించగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. ఆఫీసు మెషిన్ కొనడంలో కనబడని లాభం ఇదే. కొత్తగా బిగించుకున్నదానికి ఈ సదుపాయం లేదు. నెట్‌లో నామమాత్రపు ధరకు అమ్మే కీలు ఎక్కడివో ఎవరికీ తెలియదు, వాటి జోలికి పోవద్దు.

ఇంత చెప్పినా బిగించుకోవాలనే ఉందా? సరే. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. ఇక్కడ ఒక్క అక్షరం ముంచేస్తుంది. ఇంటెల్‌లో ఐ3-12100 కొనండి, చివర ఎఫ్ ఉన్న 12100ఎఫ్ కొంటే తెర మీద బొమ్మ రాదు. ఏఎండీలో దీనికి ఉల్టా, అక్షరం ఉన్నదే కావాలి: రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉంది, ఆ జీ లేని 5600లో లేదు. కాస్త తక్కువ ధర చూసి ఎఫ్ రకం కొని, తరవాత గ్రాఫిక్స్ కార్డు కోసం పరిగెత్తేవాళ్లు ఎంతమందో! 12100కి హెచ్610 బోర్డు, 5600జీకి ఏ520 బోర్డు సరిపోతాయి. హెచ్610లో డీడీఆర్4 రకం ర్యామ్ పట్టే బోర్డులు, డీడీఆర్5 రకం పట్టేవి వేర్వేరుగా ఉంటాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దూరదు.

కేసు ఏదైనా పరవాలేదు. పవర్ సప్లై మాత్రం ఊరూ పేరూ లేనిది కొనొద్దు. ఇలాంటి మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు 20 నుంచి 40 వాట్లు తింటుంది, గట్టిగా పనిచేసినా 150 దాటదు. కాబట్టి 650, 750 వాట్లవి అక్కర్లేదు. పేరున్న కంపెనీది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు ఉన్నది, 400 వాట్ల చుట్టుపక్కల చాలు. నాసిరకం సప్లై పోయేటప్పుడు బోర్డునూ వెంటబెట్టుకుని పోతుంది. దాన్ని విప్పే సాహసం ఎప్పుడూ చేయొద్దు, ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. ఆఫీసు మెషిన్లలో, ముఖ్యంగా సన్న పెట్టెల్లో, సప్లై ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, బజారులో దొరికే మామూలుది పట్టదు. అది పోతే అదే మోడల్‌ది వెతుక్కోవాలి.

బిగించేటప్పుడు గుండె జారేది ఇంటెల్ ప్రాసెసర్ లీవర్ దగ్గర. మూల ఉన్న చిన్న త్రికోణం గుర్తు చూసి, ప్రాసెసర్‌ను సాకెట్‌లో మెల్లగా ఉంచాలి. నొక్కకూడదు. లీవర్ కిందికి దించుతుంటే కర్రుమని చప్పుడొస్తుంది, విరిగిపోతోందేమో అనిపిస్తుంది, పైనున్న నల్ల ప్లాస్టిక్ మూత టప్పున ఊడి వస్తుంది. అదంతా మామూలే. ర్యామ్‌కు మాత్రం ఉల్టా, రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కాలి, టక్కుమని క్లిప్పు పడేదాకా. మొదటిసారి తెర నల్లగా ఉండిపోతే చాలాసార్లు ర్యామ్ పూర్తిగా దిగకపోవడమే కారణం. పెద్ద 24 పిన్నుల వైరు అందరూ పెడతారు, ప్రాసెసర్‌కు కరెంటిచ్చే 8 పిన్నులది పైమూలన ఉంటుంది, దాన్ని మరిచిపోతారు. డీడీఆర్5 బోర్డయితే మొదటిసారి ఆన్ చేశాక కొన్ని నిమిషాల పాటు ఏమీ కనిపించకపోవచ్చు, ర్యామ్‌ను సర్దుకుంటోందని అర్థం. టెన్షన్ పడి స్విచ్ ఆపేయకండి.

దేశాలు మారేవాళ్లకు కరెంటు సంగతి. కొన్ని దేశాల్లో ఇంటి కరెంటు 100 నుంచి 120 వోల్టులు, మిగతా చోట్ల 220 నుంచి 240. ఇప్పటి మంచి సప్లైలు రెండింటికీ తమంతట తామే సర్దుకుంటాయి, లేబుల్ మీద 100-240 అని రాసి ఉంటుంది, ప్లగ్గు వైరు మారిస్తే చాలు. పాతవాటి వెనక 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115 మీద ఉండగా 230 వోల్టుల గోడకు తగిలిస్తే ఢామ్మంటుంది. వారంటీ కూడా చాలావాటికి కొన్న దేశంలోనే చెల్లుతుంది, సూట్‌కేసులో భాగాలు మోసుకు రావాలనుకునేవాళ్లు అది చూసుకోవాలి.

మానిటర్ సెకండ్ హ్యాండ్‌ది దిగులు లేకుండా కొనొచ్చు, 24 అంగుళాల 1080పీ చాలు. చిక్కంతా వైరు దగ్గరే. ఆఫీసు మెషిన్లలో చాలావాటికి డిస్‌ప్లేపోర్టే ఉంటుంది, ఇంట్లో మానిటర్‌కో టీవీకో హెచ్‌డీఎంఐ ఉంటుంది. కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్టు, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉంటే మామూలు చవక వైరు పనిచేస్తుంది. అదే వైరును తిప్పి, కంప్యూటర్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ డిస్‌ప్లేపోర్టుకు కలిపితే పనిచేయదు. దానికి కరెంటుతో నడిచే కన్వర్టర్ వేరే కావాలి. ఇందాక ఫోటో తీసుకోమన్నది ఇందుకే. డెస్క్‌టాప్‌లో కెమెరా, మైకు ఉండవని కూడా మరవకండి, వీడియో కాల్‌కు వెబ్‌క్యామ్ విడిగా తీసుకోవాలి.

కీబోర్డు కొనేటప్పుడు అక్షరాల వరస చూసుకోండి. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి, ఫ్రెంచి కీబోర్డు మొదటి వరసే వేరు. తెలుగు టైపింగుకు ప్రత్యేకమైన కీబోర్డు అక్కర్లేదు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ ఉంది. సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చి దాన్ని ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టింది తెలుగులో పడుతుంది. ఏడో తరమో ఆరో తరమో మెషిన్ ఎవరైనా ఊరికే ఇస్తే పారేయకుండా, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. బ్రౌజరు, వర్డు లాంటి లిబ్రే ఆఫీస్, వీడియో కాల్ అన్నీ అందులో నడుస్తాయి. తెలుగు కోసం ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేది), ఇన్‌స్క్రిప్ట్ (నేరుగా తెలుగు అక్షరాల వరస) రెండూ వస్తాయి. వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, వైఫై, సౌండు, వెబ్‌క్యామ్ పనిచేస్తున్నాయని తేలాకే డిస్క్‌లోకి ఎక్కించండి.