పబ్లిక్ పాలసీ పరిశోధన నుంచి యూనివర్సిటీ పాలనకు: శ్రీకాకుళంలో మొదలుపెట్టేవాళ్లకు దారి

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నారు, సబ్జెక్టు రాజనీతి శాస్త్రం. పబ్లిక్ పాలసీలో పరిశోధన చేసి, ఆ తర్వాత రిజిస్ట్రారుగానో వైస్ ఛాన్సలరుగానో పనిచేయాలంటే ఏం చదవాలి, ఎన్నేళ్లు పడుతుంది?

ముందు ఏళ్ల లెక్క చూడండి. చాలామంది ఆగిపోయేది అక్కడే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వైస్ ఛాన్సలర్ కావాలంటే యూనివర్సిటీలో ప్రొఫెసరుగా పదేళ్లు, లేదా పేరున్న పరిశోధన సంస్థలోనో విద్యా పాలన సంస్థలోనో పదేళ్లు పనిచేసి ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరేనాటికే పీహెచ్‌డీ ఉంటే ప్రమోషన్ల మీద జీతం లెవెళ్లలో మొదటిదైన 10 నుంచి 11కి 4 ఏళ్లు, అక్కణ్ణుంచి 12కి 5, అసోసియేట్‌కి 3, ప్రొఫెసరుకి ఇంకో 3. అంటే 15 ఏళ్లు. పీహెచ్‌డీ లేకుండా చేరితే మొదటి మెట్టుకే 6 ఏళ్లు పడుతుంది. 29వ ఏట పీహెచ్‌డీతో చేరినవారు 44కి ప్రొఫెసర్, 54కి వీసీ అర్హత. నోటిఫికేషన్ పడి నేరుగా ప్రొఫెసర్ పోస్టుకి ఎంపికైతే ఇందులో కొన్నేళ్లు కలిసొస్తాయి. దానికి పీహెచ్‌డీ, పదేళ్ల అనుభవం, 10 పేపర్లు, 120 పరిశోధన స్కోరు, పీహెచ్‌డీ విద్యార్థికి గైడుగా ఉన్న ఆధారం కావాలి. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ నోటిఫికేషన్లు ఎప్పుడో గాని రావు కాబట్టి, వస్తే ఆ రోజుకి కాగితాలన్నీ సిద్ధంగా ఉండాలి.

ఈ లెక్క తప్పే చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీ సర్వీసు. పూర్తి అర్హతలతో, సక్రమంగా వేసిన సెలక్షన్ కమిటీ ద్వారా చేరి, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకుండా తీసుకుంటేనే ఆ సర్వీసు లెక్కలోకి వస్తుంది. గంటల లెక్కన పాఠాలు చెప్పిన ఏళ్లు సాధారణంగా ఎగిరిపోతాయి. రెండోది డిగ్రీ కాలేజీ ఉద్యోగం. అది మంచి ఉద్యోగమే. 15 ఏళ్ల అనుభవం, 10 పేపర్లు, 110 స్కోరుతో ప్రిన్సిపాల్ పోస్టు దాకా అర్హత ఉంటుంది. బోధన దారిలో వచ్చేవారికి వీసీ నిబంధన మాత్రం యూనివర్సిటీలో ప్రొఫెసర్ అనే అంటుంది. యూనివర్సిటీ పాలనే లక్ష్యమైతే 35 లోపే యూనివర్సిటీలోకి మారడం మేలు.

చదువు సంగతి. అధ్యాపక ఉద్యోగాలకి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో పబ్లిక్ పాలసీకి విడిగా పేపరు లేదు. రాజనీతి శాస్త్రం, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, ఆర్థిక శాస్త్రం ఉన్నాయి. పాలసీ పేరుతో పీజీ చేసినవాళ్లకి తర్వాత ఉద్యోగ ప్రకటనలో 'సంబంధిత సబ్జెక్టు' అన్న మాట దగ్గర పేచీ వస్తుంది. అందుకే ఎంఏ ఈ మూడింటిలో ఒకటి చేసి, పాలసీని పీహెచ్‌డీ అంశంగా పెట్టుకోమంటాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకి సీయూఈటీ పీజీ, ఆంధ్రా యూనివర్సిటీకీ ఎచ్చెర్ల అంబేద్కర్ వర్సిటీకీ ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంఏలో 55 శాతం తగ్గకూడదు. రిజర్వేషన్ ఉన్నవారికి 5 శాతం సడలింపు ఉంటుంది. నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. నెట్ మార్కుల మీద ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. ఈ డబ్బు వచ్చిందంటే పీహెచ్‌డీ మధ్యలో ట్యూషన్ల కోసం పరిగెత్తక్కర్లేదు, పని నాలుగైదేళ్లలో తెములుతుంది. నిబంధన ప్రకారం కనీసం 3, గరిష్ఠంగా 6 ఏళ్లు.

అంశం ఎంపిక దగ్గర మన జిల్లా వాళ్లకి ఒక బలం ఉంది, దాన్ని వదులుకోవద్దు. ఉద్దానం కిడ్నీ వ్యాధినే తీసుకోండి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు దాని పరిధి. జబ్బు ఎందుకు వస్తోందన్నది డాక్టర్ల ప్రశ్న. తాగునీటి పథకం ఏ శాఖ చేతిలో ఎక్కడ ఆగింది, డయాలసిస్ కేంద్రం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారు, గ్రామ సచివాలయానికి అందులో పాత్ర ఎంత అన్నవి మీ ప్రశ్నలు. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో కొబ్బరి, జీడి తోటల నష్టాన్ని ఎలా లెక్కగట్టారు, హిరమండలం వంశధార నిర్వాసితులకి పునరావాసం ఎలా జరిగింది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట ఏజెన్సీలో పెసా చట్టం (గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకి అధికారాలిచ్చేది) కింద గ్రామసభలు కాగితం మీద ఎన్ని, నిజంగా ఎన్ని అన్నవీ ఇలాంటివే. వీటన్నిటికీ జీవోలు, సామాజిక తనిఖీ నివేదికలు, ఉపాధి హామీ మస్టర్లు దొరుకుతాయి. దొరకనివి సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. 'పథకం వివరాలన్నీ ఇవ్వండి' అంటే ఏమీ రాదు. ఫైలు నంబరు, తేదీ, నోట్‌ఫైలు (అధికారులు ఫైలు మీద రాసుకున్న అభిప్రాయాలు) నకలు అని అడిగితేనే చేతికొస్తుంది. ఇలా మూడేళ్లు ఫైళ్లు చదివినవారికి తర్వాత రిజిస్ట్రార్ కుర్చీలో సగం పని ముందే వచ్చేసినట్టు. పాలసీ పరిశోధకుడికి మిగతా ప్రొఫెసర్ల మీద ఉన్న అసలు మొగ్గు ఇదేనని గట్టిగా నమ్ముతాను.

పరిశోధన స్కోరు లెక్క కూడా మొదట్నుంచే తెలిసుండాలి. సామాజిక శాస్త్రాల్లో పీర్ రివ్యూ పత్రికలో (సాటి నిపుణులు పరిశీలించాకే అచ్చువేసేది) పేపరుకి 10. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి అందులో 70 శాతం. ప్రభుత్వానికి ఇచ్చిన విధాన పత్రానికి అంతర్జాతీయ స్థాయిలో 10, జాతీయ స్థాయిలో 7, రాష్ట్ర స్థాయిలో 4. పాలసీ వాళ్లు దీన్ని చూసి మురిసిపోయి కమిటీ నివేదికల్లో మునిగిపోతారు. కానీ విధాన పత్రాలు, ఆహ్వాన ఉపన్యాసాలు రెండూ కలిపి మొత్తం స్కోరులో 30 శాతం దాటకూడదని అదే పట్టిక కింద ఉంది. 120 కావాలంటే వీటి నుంచి 36 మించి రాదు. మిగతాది పేపర్లు, పుస్తకాలు, గైడ్ చేసిన పీహెచ్‌డీల నుంచే రావాలి. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికల జోలికి వెళ్లకండి. పదిహేనేళ్ల తర్వాత సెలక్షన్ కమిటీ ముందు అవే మెడకి చుట్టుకుంటాయి.

ఈ దారిలో నడిచినవాళ్లలో ఉమ్మడి రాష్ట్రం నుంచి చెప్పుకోవాల్సిన పేరు జి. రాంరెడ్డి గారు. పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన ఆయన ఉస్మానియా వీసీ అయ్యారు. 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1985లో ఇగ్నోకి తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. తర్వాత యూజీసీ ఛైర్మన్ కూడా అయ్యారు.

యూనివర్సిటీలో చేరాక చిన్న బాధ్యతలు వద్దనకండి. హాస్టల్ వార్డెన్ పని ఎవరూ అడిగి తీసుకోరు. కానీ మెస్ బకాయిలు, స్కాలర్‌షిప్ ఆలస్యం, విద్యార్థి సంఘాలతో మాట్లాడటం అన్నీ అక్కడే తెలుస్తాయి. ఎన్ఎస్ఎస్ సమన్వయం చేస్తే అనుబంధ కాలేజీల ప్రిన్సిపాళ్లందరూ పరిచయమవుతారు. అన్నిటికన్నా పెద్ద బడి పరీక్షల విభాగం. ప్రశ్నపత్రం తయారీ, జవాబుపత్రాల కోడింగ్, మూల్యాంకనం, ఫలితాలు, రీవాల్యుయేషన్ గొలుసులో ఒక్క లింకు జారినా వేలమంది పిల్లల పీజీ అడ్మిషన్లు పోతాయి. యూనివర్సిటీ నాణ్యత చూసే ఐక్యూఏసీ విభాగంలో రెండేళ్లు ఉంటే, గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ ప్రమాణాలకి ఏ విభాగం ఏ లెక్క ఇవ్వలేకపోతోందో, ఎందుకు ఇవ్వలేకపోతోందో అర్థమవుతుంది.

రిజిస్ట్రార్‌కి యూజీసీ చెప్పే అర్హత: 11వ లెవెల్ నుంచి పైన 15 ఏళ్లు, లేదా 12వ లెవెల్ నుంచి పైన 8 ఏళ్ల బోధనతో పాటు విద్యా పాలన అనుభవం. వీసీ కన్నా ముందే అందే పదవి, కష్టం మాత్రం ఎక్కువ. రాష్ట్ర గ్రాంటు చాలావరకు జీతాలకే పోతుంది. 2008లో పూర్తి యూనివర్సిటీ అయిన ఎచ్చెర్ల అంబేద్కర్ వర్సిటీ లాంటి చోట పరీక్ష ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు చేతిలో ఆడే డబ్బు. కోర్టు కేసులు, రోస్టర్ (పోస్టులకి రిజర్వేషన్ వరుస పట్టిక) మరో తలనొప్పి. రోస్టర్ తప్పితే నోటిఫికేషన్ మొత్తం కొట్టేస్తారు. 2017లో అలహాబాద్ హైకోర్టు రిజర్వేషన్ లెక్కకి విభాగాన్ని యూనిట్‌గా తీసుకోమంటే, కేంద్ర సంస్థల్లో మళ్లీ యూనివర్సిటీనే యూనిట్ చేయడానికి 2019లో చట్టమే తేవాల్సి వచ్చింది.

వీసీ ఎంపిక రాష్ట్ర వర్సిటీల్లో సెర్చ్ కమిటీ, ప్రభుత్వం, ఛాన్సలర్ మీదుగా నడుస్తుంది, పదవీకాలం 3 ఏళ్లు. విజయనగరంలో 2019 సవరణ చట్టంతో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి రాష్ట్రపతి నియమిస్తారు, 5 ఏళ్లు. కమిటీ ఒకే పేరు పంపిందని 2022 అక్టోబరులో కేరళ సాంకేతిక వర్సిటీ వీసీ నియామకాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసింది. అందుకని మీ అర్హతలతో పాటు పద్ధతి కూడా సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవాలి. 2025 జనవరి ముసాయిదాలో పాలసీ, పరిశ్రమ రంగాల్లో సీనియర్ స్థాయిలో పదేళ్లు చేసినవారికీ వీసీ అవకాశం ఇవ్వాలని యూజీసీ ప్రతిపాదించింది. దాన్ని నమ్ముకుని ప్రొఫెసర్ దారి వదిలేయొద్దు.

ఈ ఏడాదికి మీ పని మూడే. పీజీసెట్, సీయూఈటీ రెండింటికీ దరఖాస్తు చేయండి. ఇప్పట్నుంచే నెట్ పేపర్ 1 పాత ప్రశ్నలు చేయండి. 1991 ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చుకుని పాలక మండలి, అకడమిక్ సెనేట్, వైస్ ఛాన్సలర్ అధికారాల సెక్షన్లు చదివి, దగ్గర్లోని యూనివర్సిటీ పాలక మండలి ఆఖరి రెండు సమావేశాల మినిట్స్‌ని 10 రూపాయల దరఖాస్తుతో అడగండి. చట్టంలో ఉన్నదీ మినిట్స్‌లో ఉన్నదీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఈ పని మీకు నచ్చుతుందో లేదో ఎంఏలో చేరకముందే తేలిపోతుంది.