కారులో కూర్చున్న నాన్న

డాలస్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను వీసాల గురించి, స్కూళ్ల గురించి అడుగుతుంటారు. మనల్ని చూసి పిల్లలు ఏమనుకుంటున్నారో మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతాను.

2009లో ఆ నెలాఖరుతో నా ఉద్యోగం ఆఖరన్నారు. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు, ఉద్యోగం పోయాక ఇక్కడే ఉండి ఇంకోటి వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు 2017లో వచ్చింది, అప్పట్లో అదీ లేదు. పిల్లలకు మా టెన్షన్ తెలియకూడదని సాయంత్రం ఇంటికి రాగానే గరాజ్‌లో, కారులోనే కూర్చుని కన్సల్టెన్సీలకు ఫోన్లు చేసేవాణ్ణి. కాలిఫోర్నియా టైము మాకంటే వెనక కాబట్టి అక్కడ ఇంకా ఆఫీసులు తెరిచే ఉండేవి.

మా అమ్మాయికి అప్పుడు 8 ఏళ్లు. ఆ వారమే వెనక సీటు మీద జ్యూస్ ఒలకబోసింది. ఆ మరక చూసే నాన్నకు కోపమొచ్చింది, అందుకే ఇంట్లోకి రావట్లేదు అనుకుంది. రోజూ పొద్దున్నే టిష్యూ తడిపి సీటు తుడిచేదట. ఈ సంగతి 19 ఏళ్లు వచ్చాక చెప్పింది. నాకు నోట మాట రాలేదు.

హైస్కూల్లో తను నాకేదీ చెప్పేది కాదు. ఇక్కడి గాలి సోకిందనుకున్నాను. కష్టమొస్తే తలుపేసుకోవాలని నన్ను చూసే నేర్చుకుందని ఆ రోజే తెలిసింది.

ఇంట్లో మన మొహాలు మారినప్పుడు కారణం పిల్లలకు రెండు ముక్కల్లో చెప్పండి. "ఆఫీసు పని గురించి బెంగగా ఉంది నాన్నా, నీ మీద కోపం లేదు" అంటే చాలు. వీసా గొడవంతా వాళ్లకెందుకు?

ఇంకోటి, స్పీకర్ ఫోన్. వేసవిలో ఇక్కడ రాత్రి 9 అయితే ఊళ్లో ఉదయం ఏడున్నర. "వీడు ఏమీ తినడు, వాళ్ల పాపను చూడు ఎంత బాగా చదువుతుందో" అని అమ్మతో చెప్పుకుంటాం. ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్లాడికి తెలుగు అర్థం కాదనుకోవద్దు. తన గురించి అన్న మాట ఒక్కటీ పోనివ్వడు.

భార్యాభర్తలు వాళ్ల ముందు మాటా మాటా అనుకుంటే, కలిసిపోవడమూ వాళ్ల ముందే జరగాలి. మనం వాళ్లు పడుకున్నాక రాజీపడతాం, వాళ్లు ఆ గొడవతోనే నిద్రపోతారు.

పిల్లలకు సారీ చెప్పడం మన ఇళ్లలో పెద్దగా అలవాటు లేదు. నేను 11 ఏళ్లు ఆలస్యంగా చెప్పాను. పోయిన నెల తన ఉద్యోగంలో ఇబ్బందొస్తే మా అమ్మాయి ముందు నాకే ఫోన్ చేసింది.