రెండు వేల మందికి హాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా కాలేజీకి వచ్చే జనవరికి యాభై ఏళ్లు నిండుతాయి. పాత విద్యార్థులందరం హైదరాబాద్‌లో కలవాలనుకుంటున్నాం, కుటుంబాలతో కలిపి రెండు వేల మంది రావచ్చు. పొద్దున సభ, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం పాటలు, నాటిక. ఏ హాలుకు ఫోన్ చేసినా "రెండు వేలేంటి సార్, మూడు వేల మంది పడతారు" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. కన్వెన్షన్ సెంటరా, ఇండోర్ స్టేడియమా, ఫంక్షన్ హాలా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మూడు వేల మంది పడతారన్నది అబద్ధం కాకపోవచ్చు, ఎలా కూర్చుంటే పడతారో అడగండి. కుర్చీలు వరసగా వేస్తే మనిషికి సుమారు 8 నుంచి 10 చదరపు అడుగులు సరిపోతాయి. రౌండ్ టేబుళ్లు వేస్తే 12 నుంచి 15 దాకా కావాలి, ఆపైన స్టేజీ, ఎల్‌ఈడీ తెరలు, నడిచే దారి. మూడు వేల కుర్చీలు పట్టే హాల్లో టేబుళ్లు వేశాక రెండు వేల మందిని కూర్చోబెట్టడం కష్టమే. కాబట్టి హాలు పొడవు ఎంత, వెడల్పు ఎంత, మధ్యలో స్తంభాలున్నాయా, భోజనాల హాలు విడిగా ఉందా అని అడగండి. మీకు అన్నిటికంటే ముఖ్యం ఆ ఆఖరి ప్రశ్నే. సభ, భోజనాలు ఒకే హాల్లో పెట్టుకుంటే అందరినీ బయటికి పంపి, కుర్చీలు తీసి, టేబుళ్లు వేయించేసరికి మధ్యాహ్నం గడిచిపోతుంది, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు ఆకలికి ఆగలేక వెళ్లిపోతారు.

మాదాపూర్‌లోని శిల్పకళా వేదికలో దాదాపు 2,500 సీట్లున్నాయి, సభకూ నాటికకూ చాలా బాగుంటుంది, కానీ సీట్లు నేలకు బిగించినవి కాబట్టి వడ్డన ఆవరణలో ఎక్కడ కుదురుతుందో ముందే మాట్లాడుకోవాలి. రవీంద్రభారతి సుమారు వెయ్యి మందికే. హెచ్‌ఐసీసీ (హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్) 2006లో మొదలైంది, 2010లో ప్రపంచ గణిత శాస్త్రవేత్తల మహాసభ, 2012లో అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు అక్కడే జరిగాయి. స్తంభాల్లేని పెద్ద హాలును ఆరు భాగాలుగా విడదీసుకోవచ్చు, ఒక వైపు సభ జరుగుతుండగానే ఇంకో వైపు వడ్డన సిద్ధం చేసుకోవచ్చు. మీ అవసరానికి అంతకంటే అనువైన ఏర్పాటు లేదు, కానీ ఖర్చు ఎక్కువ. పైగా హోటల్‌తో కలిసి ఉన్న కన్వెన్షన్ సెంటర్లలో మామూలుగా బయటి కేటరర్‌ను రానివ్వరు, ప్లేటు లెక్కన వాళ్ల భోజనమే తీసుకోవాలి. రెండు వేల ప్లేట్ల ధర అడిగాకే మిగతా మాటలు మాట్లాడండి.

ఇండోర్ స్టేడియం మాత్రం మీకు వద్దంటాను. గచ్చిబౌలిది 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది, ఆటలకు బాగుంటుంది. అంత ఎత్తు పైకప్పు కింద మాట ప్రతిధ్వనిస్తుంది, నాటిక డైలాగులు వినపడాలంటే సౌండ్ వాళ్లకు పెద్ద మొత్తమే ఇవ్వాలి. మీ మొదటి బ్యాచ్ వాళ్లకు ఇప్పుడు డెబ్భై దగ్గర పడుతుంటుంది, వాళ్లను గ్యాలరీ మెట్లు ఎక్కించకండి.

జనవరి అన్నారు కాబట్టి మీకొక మంచి అవకాశం ఉంది. సంక్రాంతి దాకా ధనుర్మాసం, దానికి అటో ఇటో పుష్యమాసం, పెళ్లిళ్లు బాగా తక్కువ. శ్రావణంలోనో మాఘంలోనో బేరమే ఆడనివ్వని పెద్ద ఫంక్షన్ హాళ్ల వాళ్లు ఆ రోజుల్లో అద్దె తగ్గిస్తారు. రెండు హాళ్లు, లాన్, బయటి వంటవాళ్లకు అనుమతి ఉన్న చోటు అయితే నా ఓటు దానికే. మీ వాళ్లు ఎక్కువమంది నల్గొండ నుంచి బస్సుల్లో వస్తుంటే హయత్‌నగర్, ఎల్బీనగర్ వైపే వెతకండి, మాదాపూర్ దాకా ఊరంతా దాటాల్సిన పనిలేదు. పాటలు లాన్‌లో పెట్టుకుంటే రాత్రి పదికల్లా మైకు ఆపాలి, హాలు లోపలైతే ఆ ఇబ్బంది లేదు.

అద్దె ఎంతో చెప్పినప్పుడు 18 శాతం జీఎస్టీ, కరెంటు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్ అందులో కలిశాయో లేదో కాగితం మీద రాయించుకోండి. హాలు ఏ గంటకు చేతికిస్తారో కూడా. ముందు రోజు రాత్రి అక్కడ ఇంకో ఫంక్షన్ ఉంటే తెల్లారేసరికి స్టేజీ లేవదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ హాల్లో నిండుగా జనం ఉన్న రోజు ఒకసారి వెళ్లి చూడండి. కార్లు రోడ్డు మీద దాకా ఆగాయా, బాత్‌రూమ్‌ల దగ్గర ఎంతమంది నిలబడ్డారు, పక్క తలుపులు తెరుచుకుంటున్నాయా. ఆ తలుపుకు గొలుసు వేసి, వెనకాల కుర్చీలు పేర్చి ఉంటే ఎంత చవకైనా ఆ హాలు వదిలేయండి. పొగ వచ్చిందంటే అంతమంది ఒకే గుమ్మంలోంచి బయటపడలేరు.

ప్రశ్న: మా తెలుగు సంఘం తొలిసారి కన్వెన్షన్ సెంటర్‌లో మహాసభలు పెట్టబోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: మీ నగరంలోని సమావేశాల, పర్యాటకుల బ్యూరోతో (కన్వెన్షన్ అండ్ విజిటర్స్ బ్యూరో) మొదలుపెట్టండి. తేదీలు, జనం సంఖ్య, గదుల సంఖ్య ఇస్తే హాళ్లకూ హోటళ్లకూ వాళ్లే పంపి ధరలు తెప్పిస్తారు, మామూలుగా ఏమీ తీసుకోరు. మన సంఘాలు జులై 4 వారాంతాన్ని ఎంచుకునేది సెలవు కోసమే అయినా, అప్పుడు వ్యాపార సదస్సులు తక్కువ కాబట్టి పెద్ద హాళ్లు దొరుకుతాయి. తానా 2019లో, ఆటా 2022లో వాషింగ్టన్ కన్వెన్షన్ సెంటర్‌లో సభలు పెట్టుకున్నది ఆ రోజుల్లోనే.

ఒప్పందంలో రెండు చోట్ల ఆగి చదవండి. ఒకటి భోజనం: చాలా సెంటర్లలో వాళ్ల కేటరరే వండాలి, మన వంటవాళ్లను రానివ్వాలంటే ప్రత్యేక అనుమతీ రుసుమూ ఉంటాయి, ఆ మాట సంతకానికి ముందే రాతలో రావాలి. రెండోది హోటల్ గదులు: మీరు పట్టి ఉంచిన గదుల్లో ఇంత శాతం నిండకపోతే తేడా మీరే కట్టాలని ఉంటుంది. మన వాళ్లలో చాలామంది బంధువుల ఇళ్లలోనే దిగుతారు, కాబట్టి గదులు తక్కువకే ఒప్పుకుని, అవసరమైతే పెంచుకునే వీలు అడగండి.